గాజు పట్టీ

రెండో శనివారం, పెరంబూరులో
శానిటరీ సామాన్ల కొట్టు మీది గది.
సివిల్ ఇంజినీర్ల సంఘం అంటే
ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను.
చందా కట్టినవాళ్లు అరవై నలుగురు,
వచ్చేవాళ్లు ఐదుగురు.
కోరం ఏడుగురని నిబంధనల్లో ఉంది.
కింద కుళాయిలు అమ్మే కుర్రాణ్ణి
ఆరోవాడిగా రాసుకున్న రోజులున్నాయి.
ఏడో పేరు దగ్గర నా కలం నసిగేది.

మినిట్స్ పుస్తకం నాది.
పగలంతా ఆవడిలో అపార్టుమెంట్ల స్లాబులకు
కంపెనీ జీతం మీద సంతకాలు పెడతాను.
ఇక్కడ జీతం లేదు, సమోసా ఉంది.

ఆ ఎండాకాలం తీర్మానం:
వానలు ముదరకముందే పాత బడుల గోడలు
ఉచితంగా చూసిరావాలి.
తిరువేంగడం సార్ రిటైరై పదకొండేళ్లు.
రేకుపెట్టె తెరిచి గుండునూలు తీశారు.
ఇత్తడి గుండు ఊగడం ఆగేదాకా
ఆయనా మాట్లాడరు.

నా వంతుకు వచ్చింది వ్యాసర్పాడి తెలుగు బడి.
ఇరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు టీచర్లు,
ఆయా మునెమ్మ.
మూడో తరగతి గదిలో కిటికీ మూల నుంచి
కప్పు దాకా ఎగబాకిన పగులు.
ఫర్హానా, ఇంకా ఫైనల్ ఇయరే, నిచ్చెనెక్కి
పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీ అతికించింది.
పక్కన పెన్సిలుతో తేదీ: 17-6.
"గోడ కదిలితే ముందు గాజు విరుగుతుంది" అన్నాను,
"విరిగితే ఫోన్ చెయ్యి."
"చేస్తే?"
"గది మూయిస్తాం."
మునెమ్మ చీపురు రెండో చేతికి మార్చుకుంది.

జూలై: గాజు బాగుంది.
ఆగస్టు: బాగుంది.
సెప్టెంబరులో పెద్ద వానలు రెండు. బాగుంది.
సంఘంలో చదివి వినిపించాను.
తిరువేంగడం సార్ తలాడించి సమోసా తుంచారు.

అక్టోబరులో టార్చి వేసి తేదీ చూశాను.
ఫర్హానా ఏడు అంకెకు నడుం మీద గీత గీస్తుంది.
ఈ ఏడుకు గీత లేదు.
గాజు కాస్త మందం.
పగులులోకి ఐదు రూపాయల బిళ్ళ నిలువుగా దూరింది.
జూన్‌లో నా గోరు దూరలేదు.

మునెమ్మ గడప దాటి లోపలికి రాలేదు.
"మూడు తూర్లు పగిలిందిమా.
మా తమ్ముడిది పటాలు కట్టే కొట్టు,
ముక్కలు కోయించుకొచ్చినా.
గది మూస్తే పిల్లోళ్లని పెద్ద బడిలో కలిపేస్తారంట.
ఆడ తెలుగు లేదు.
నేను అ ఆలు దిద్దింది ఈడనే,
ఇప్పుడు నా మనవరాలు.
దినమూ బెంచీలు ఇటు జరుపుతానే ఉండా."

చూశాను. నిజమే.
బెంచీలన్నీ ఇవతలి గోడకు ఆనుకుని ఉన్నాయి.
మా టేపుకంటే ముందు
ఆ మూలను ఆమె చీపురుతో కొలిచింది.

కోపం రావాలి, వచ్చింది కూడా.
కానీ మూడుసార్లు "బాగుంది" అని రాసింది నేను.
తాళం అడగలేదు. ఆమే వేసింది.

రెండో శనివారం దాకా ఆగలేదు, సోమవారమే పిలిచాను.
తొమ్మిదిమంది వచ్చారు, కుర్చీ చాలలేదు.
గది మూయాలి, బడి మూయకూడదు.
రెండూ ఒకే కాగితంలో ఎలా రాయాలో
ఏ కోడ్ పుస్తకంలోనూ లేదు.
ఎళిలరసన్ తన సైటు నుంచి ఇనుప జాకీలు ఇస్తానన్నాడు,
కాంట్రాక్టరుకు చెప్పకుండా.
ఫర్హానా సమోసా కాగితం మీద
వరండాకు రేకుల పందిరి గీసింది,
నూనె మరకల మధ్య కొలతలతో సహా.
తిరువేంగడం సార్ బల్ల అంచున గుండు వేలాడదీసి
ఆగేదాకా చూసి, "వరండా నిటారుగానే ఉంది,
రేపు నేనూ వస్తా" అన్నారు.

వానలోనే జాకీలు నిలబెట్టాం.
కొత్త పట్టీ అతికించి మునెమ్మకు పెన్సిలు ఇచ్చాను.
నాలిక కరుచుకుని తేదీ వేసింది.
మినిట్స్‌లో హాజరైనవారి కింద
పదో పేరు ఆమెది.
వృత్తి ఏం రాయమంటావంటే
"పగులు చూసేది అని రాసుకోమా" అంది.

కార్పొరేషన్‌కు ఇచ్చిన ఉత్తరానికి జవాబు లేదు.
గాజు ఇంకా విరగలేదు.
ఈసారి మందం కూడా చూస్తున్నాను.